రైలు లెక్క అడిగినందుకు

(మక్తల్‌ల డిగ్రీ చదివే పిల్లలు, కొలువు దిగిన పెద్దలు కలిసి కూచున్న కాడ చేసిన ప్రసంగ పాఠం)



మన మక్తల్‌కు రైలు ఎట్ల వచ్చిందో మీ అందరికి యాదికుంటది. మహబూబ్‌నగర్–మునీరాబాద్ లైను 1997-98లో మంజూరయితే, జక్లేరు నుంచి కృష్ణ దాక 37 కిలోమీటర్ల పట్టాలకు 2023 అక్టోబర్ 1న ప్రారంభం చేసిండ్రు. పాతికేండ్లు పట్టింది. పక్కనే కృష్ణ స్టేషన్ మీదికెల్లి బొంబాయి–మద్రాసు రైళ్లు 1871 నుంచి ఉరుకుతనే ఉన్నయి. ఆ రైళ్లే మనోళ్లను మూటముల్లెతోని బొంబాయికి, పూణెకు మోసుకపోయినయి. మన లైను సంగతి ఎన్నిసార్లు నిలదీసినమో లెక్క లేదు. అయినా నిలదీసినందుకు మనల్ని ఎవ్వరు ఊరు దాటగొట్టలేదు.

ఇయ్యాల మేము చెప్పే ముచ్చట, రైలు లెక్క అడిగినందుకు రాజ్యం దాటగొట్టిన ఒక మనిషితోని మొదలయితది.

ఆయన పేరు అఘోరనాథ్ చటోపాధ్యాయ. బెంగాలీ. ఎడిన్‌బరోల సైన్సు డాక్టరేటు తీసుకొని హైదరాబాదుకు వచ్చి, తర్వాత నిజాం కాలేజీ అయిన చదువుల కొలువును నిలబెట్టిండు. 1883 ఫిబ్రవరిలో మొదటి సాలార్‌జంగ్ చనిపోయిండు. ఆ యేడే హైదరాబాదు రాజ్యంల చాందా దిక్కు రైలు వేసే ఒప్పందం కదిలింది. పెట్టుబడి లండన్‌ల లేపుతరు. దాని మీద ఏడాదికి నూటికి 5 చొప్పున 20 యేండ్లు వడ్డీ ఇస్తమని పూచీ మాత్రం నిజాం ఖజానాది. లాభమొస్తే కంపెనీ వాటాదారులది, రాకుంటే రైతు కట్టిన శిస్తుల నుంచి నింపాలె. ఆ కాయిదాలు బైట పెట్టుండ్రి, జనానికి చూపెట్టుండ్రి అని అఘోరనాథ్, ముల్లా అబ్దుల్ ఖయ్యూం లాంటోళ్లు అడిగిండ్రు. మే నెలల అఘోరనాథ్‌ను కొలువుల నుంచి తీసేసి హైదరాబాదు దాటించిండ్రు. కొన్నేండ్లకు మల్ల రానిచ్చి కొలువిచ్చిండ్రు, అది వేరే సంగతి.

ఇక్కడ ఒక మాట చెప్పకుంట ముందుకు పోబుద్ధి అయితలేదు. మన పత్రికలల్ల ముల్కీ, నాన్‌ముల్కీ అని పేజీలకు పేజీలు రాసుకున్నం. రాయవలసిందే. కానీ ఈ కథల ముల్కీ కాని మనిషి ముల్కీ పైసల లెక్క అడిగి దండన తిన్నడు. ఆ లెక్క అడగక కిమ్మనకుంట కూచున్నోళ్లల్ల ముల్కీలు మస్తుమంది ఉన్నరు.

అప్పటికి అఘోరనాథ్ బిడ్డ సరోజినికి నాలుగేండ్లు. పెద్ద కొడుకు వీరేంద్రనాథ్‌కు మూడు నిండలేదు. బిడ్డ సంగతి లోకానికంత తెలుసు. మన తెలుగాయన డాక్టర్ గోవిందరాజులు నాయుడిని పెండ్లాడి సరోజినీ నాయుడు అయింది. ఆ ఇంటికి ఆమె పుస్తకం పేరే నిలిచింది, ఇయ్యాలటికి నాంపల్లిల గోల్డెన్ త్రెషోల్డ్ అంటె చూపెడతరు. కొడుకు సంగతి ఆ గల్లీల అడిగితే చెప్పేటోళ్లు తక్కువ. 1880 అక్టోబర్ 31న హైదరాబాదుల పుట్టి, తెలుగు, ఉర్దూ మాట్లాడుకుంట పెరిగి, లండన్, పారిస్, బెర్లిన్, స్టాక్‌హోం తిరిగి, ఆఖరుకు రష్యాల తుపాకి గుండుకు చచ్చిన మనిషి ఆయన. యూరపంత ఆయన్ను చట్టో అని పిలిచింది. మేము కూడ అట్లనే పిలుస్తం.

పాలమూరు మనిషికి ఇల్లు వదిలి పోవుడు గురించి ఎవ్వరు చెప్పవలసిన పని లేదు. కానీ వలస వేరు, దేశాంతరం వేరు. వలస పోయినోడు దసరాకో జాతరకో ఇంటికొస్తడు, రాకుంటే పైసలన్న పంపుతడు. దేశాంతరం పోయినోడు తల్లి సచ్చినా రాలేడు. ఉత్తరం రాస్తే ఇంటోళ్ల కన్న ముందు పోలీసు చదువుతడు. వానికి మూడు కావాలె: నమ్మిన మనిషి చిరునామా, తన మాట అచ్చేసే పత్రిక, తలదాచుకునే గడ్డ. మొదటి రెండు తెలివితోని, చెమటతోని సంపాదించుకోవచ్చు. మూడోదానికి ధర కట్టేది ఇంటాయన. ఆ ధర ఎంత, దాన్ని ఎవడు కట్టిండు, ఎట్ల కట్టిండు అనేదే మేము చాలా దినాల నుంచి తవ్వుతున్న సంగతి.

దీన్ని అర్థం చేసుకోవాలంటే వంద యేండ్లు వెనక్కి పోవాలె. 1775కు 1825కు నడుమ అట్లాంటిక్ సముద్రానికి రెండొడ్లు మండినయి. అమెరికా ఇంగ్లండ్ రాజును వద్దన్నది, ఫ్రాన్స్ తన రాజు తల నరికింది, హైతీల బానిసలు దొరల మీద లేచి సొంత రాజ్యం నిలబెట్టుకున్నరు, దక్షిణ అమెరికా స్పెయిన్‌ను వెళ్లగొట్టింది. చరిత్ర పుస్తకాలు దాన్ని విప్లవాల యుగం అంటయి. ఓడిపోయినోళ్లు, తప్పించుకున్నోళ్లు ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకు ఓడలల్ల తిరుగుతనే ఉన్నరు. ఒక దేశంల ఓడిన మనిషి ఇంకో దేశంల పత్రిక పెట్టిండు, మూడో దేశంల దండు కట్టిండు.

థామస్ పెయిన్‌ను చూడుండ్రి. ఇంగ్లండ్‌ల పుట్టిండు. 1774లో అమెరికా చేరిండు. 1776 జనవరిలో ఫిలడెల్ఫియాల చిన్న పుస్తకం అచ్చేసి, మనకు రాజెందుకు అని అడిగిండు. మల్ల ఇంగ్లండ్ వచ్చి మనిషి హక్కుల గురించి రాస్తే, 1792లో ఆయన లేకుంటనే విచారణ జరిపి నేరస్తుడన్నరు. అప్పటికే ఫ్రాన్స్‌కు దాటిండు. ఫ్రెంచి సరిగ్గ రాదు, అయినా అక్కడోళ్లు చట్టసభకు ఎన్నుకున్నరు. సభల రాజును చంపాలె అన్నప్పుడు ఈయన చంపొద్దు, అమెరికాకు దాటించుండ్రి అన్నడు. తాను దేశాంతరి కదా, రాజుకు కూడ అదే శిక్ష చాలనుకున్నడు. 1793 డిసెంబర్‌లో ఆయన్నే జైలుల వేసిండ్రు. 1809లో న్యూయార్క్‌ల చనిపోతే శవం వెంట పట్టుమని పది మంది నడవలేదు.

వెనిజులా మనిషి ఫ్రాన్సిస్కో డి మిరాండా ఇంకా విచిత్రం. అమెరికా యుద్ధం చూసిండు, ఫ్రెంచి విప్లవ సైన్యంల జనరల్ అయిండు. తర్వాత లండన్‌ల ఇల్లు తీసుకొని, తన ఖండం నుంచి వచ్చే పోరగాండ్లకు దాన్ని సత్రం చేసిండు. 1810లో సైమన్ బొలీవర్ ఆ ఇంటికే పోయిండు. ఇంగ్లండ్ ఆయనకు పింఛనిచ్చింది, ఎందుకంటె స్పెయిన్ మీద పగ ఉన్నది. పగ తీరిన నాడు దోస్తానా కూడ పలచనైంది. 1812లో ఓటమి ఎదురయితే సొంత సోపతిగాండ్లే, అందుల బొలీవర్ కూడ ఉన్నడు, ఆయన్ను పట్టుకున్నరు. స్పెయిన్ చేతుల పడ్డడు. 1816 జూలై 14న కాదిజ్ జైలుల చనిపోయిండు.

అదే బొలీవర్ 1815 ఆఖరుల గతిలేక హైతీకి చేరిండు. హైతీ అంటే బానిసలుగ ఉన్నోళ్లు 1804లో స్వతంత్రం ప్రకటించుకున్న దేశం. దాని అధ్యక్షుడు పెతియోన్ తుపాకులిచ్చిండు, మందుగుండు ఇచ్చిండు, ఓడలకు సాయం చేసిండు. ఒకటే షరతు పెట్టిండు: నీవు విడిపించే గడ్డ మీద బానిసలను విడిపించాలె. మేము చదివినంతల ఆశ్రయానికి ఇట్లాంటి ధర అడిగిన ఇంటాయన ఇంకొకడు దొరకలేదు. 1816లో బొలీవర్ ప్రకటన చేసిండు కానీ, తన సైన్యంల చేరినోళ్లకే విడుదల అన్నడు. వెనిజులాల బానిసత్వం పూర్తిగ పోయింది 1854లో. 1826లో పనామాల కొత్త దేశాల సభ పెడితే హైతీకి పిలుపు పోలేదు. తిన్నింటి వాకిలి మర్చిపోవుడు విప్లవకారులకు కూడ ఉంటది మరి.

ఇగ ఐర్లాండ్ మనిషి వోల్ఫ్ టోన్. ఈయనను కొంచెం గట్టిగ యాది పెట్టుకోండి, ఎందుకంటె ఈయన కథ హైదరాబాదును తాకుతది. 1795లో ఇంగ్లండ్ సర్కారు ఆయన్ను దేశంల ఉండనియ్యక ఫిలడెల్ఫియా పోయిండు. అక్కడి నుంచి 1796లో పారిస్ చేరి, మా దేశానికి సైన్యం పంపుండ్రి అని ఫ్రెంచోళ్ల తలుపులు కొట్టిండు. ఆ డిసెంబర్‌లో పెద్ద దండు ఓడలల్ల పోయింది. గాలివాన కొట్టింది, ఒడ్డు కనపడుతుంటనే తిరిగొచ్చిండ్రు. 1798 అక్టోబర్ 12న మల్ల పోయిన ఓడలు సముద్రంల ఓడిపోయినయి, టోన్ పట్టుబడ్డడు. నవంబర్ 19న డబ్లిన్ జైలుల చనిపోయిండు.

అదే 1798 అక్టోబర్. హైదరాబాదుల ఏమైందో చూద్దాం.

నిజాం అలీఖాన్ దగ్గర ఫ్రెంచి దండు ఒకటి ఉండె. దాన్ని కట్టినోడు రేమండ్. 1775లో పాండిచ్చేరికి వచ్చి, మైసూరు కొలువు చూసి, నిజాం కొలువుల చేరిండు. మనోళ్లు మూసా రాం అన్నరు, ఆ పేరుతోనే మూసారాంబాగ్ ఉన్నది. గన్‌ఫౌండ్రీల తోపులు పోసింది ఆయన కాలంలనే. మన దేశపు సిపాయిలు, ఫ్రెంచి అధికారులు కలిసి 14,000 దాక ఉండిరని ఇంగ్లీషోళ్లు లెక్క గట్టిండ్రు. ఆ దండు ఫ్రెంచి రిపబ్లిక్ మూడు రంగుల జెండా ఎగరేసింది. కోట్ల గుండీల మీద స్వేచ్ఛకు గుర్తయిన టోపీ బొమ్మ చెక్కి ఉండేదని ఇంగ్లీషోళ్లే భయపడుకుంట రాసిండ్రు. అంటే పారిస్ వీధులల్ల పుట్టిన గుర్తు మలక్‌పేట సిపాయి కోటు గుండీ మీదికి వచ్చింది. ఆ సిపాయికి దాని అర్థం ఎవరన్న చెప్పిండ్రో లేదో. గుండీ మీద స్వేచ్ఛ ఉన్నది, జీతం మాత్రం బకాయి ఉన్నది.

రేమండ్ 1798 మార్చిలో చనిపోయిండు. మే నెలల కలకత్తాల వెల్లెస్లీ గవర్నర్ జనరల్‌గ దిగిండు. ఈయన కూడ ఐర్లాండ్‌ల పుట్టిన దొరనే. టోన్ తన ఐర్లాండ్‌కు ఫ్రెంచి సైన్యాన్ని తెస్తుంటే, ఇంకో ఐర్లాండ్ బిడ్డ హైదరాబాదుల ఫ్రెంచి సైన్యాన్ని పీకేయిస్తున్నడు. సెప్టెంబర్ 1న నిజాంతోని ఒప్పందం రాయించుకున్నరు. అక్టోబర్ 22న ఇంగ్లీషు దండు చుట్టు నిలబడితే, అప్పటికే జీతాల మీద అధికారులకు ఎదురు తిరిగి ఉన్న సిపాయిలు నెత్తురు చుక్క పడకుంట ఆయుధాలు దించిండ్రు. టోన్ ఓడ ఓడిన పది దినాలకు.

ఇంగ్లీషు సైన్యం కాపలా ఉంటదని నిజాం కట్టిన ధర మొదలు ఏడాదికి 24 లక్షల రూపాయల పైచిలుకు. 1800 నాటికి అది భూముల రూపానికి మారింది. బళ్లారి, కడప సీమలు కంపెనీకి పోయినయి, వాటికే దత్తమండలాలని పేరు. కర్నూలు నవాబు కట్టే పేష్‌కష్ కూడ కంపెనీకే పోయింది, 1839లో కర్నూలునే కలుపుకున్నరు. ఆ దెబ్బకు అలంపురం ఇవతల నిజాం రాజ్యం, తుంగభద్ర అవతల ఇంగ్లీషు రాజ్యం అయినయి. నది నడుమ సరిహద్దు పడ్డది. ఈ సరిహద్దు సంగతి గుర్తుంచుకోండి, దాని కాడికి మల్ల వస్తం.

ఇప్పుడు చట్టో దగ్గరికి పోదాం. 1902లో ఐసీఎస్ పరీక్ష రాస్తనని లండన్ పోయిండు. కొలువు రాలేదు, బారిస్టరు చదువుకు చేరిండు. 1905లో శ్యాంజీ కృష్ణవర్మ లండన్‌ల ఇండియా హౌస్ అనే వసతి గృహం తెరిచిండు. మిరాండా ఇల్లు లాంటిదే, పండుకునేటందుకు జాగ, తినేటందుకు బువ్వ, చదివేటందుకు పత్రిక, రాత్రంత ముచ్చట. 1909 జూలైలో మదన్‌లాల్ ధింగ్రా కర్జన్ వైలీని కాల్చి చంపిండు. లండన్‌ల హిందుస్తానీ పెద్దమనుషులు సావర్కర్ మీద విరుచుకపడితే, చట్టో పత్రికకు ఎదురు ఉత్తరం రాసిండు. చదివే మిడిల్ టెంపుల్ నుంచి పేరు కొట్టేసిండ్రు. మరుసటేడు పారిస్‌కు దాటి, మేడమ్ కామా గుంపుల కలిసిండు. తండ్రి రైలు లెక్క అడిగి కొలువు పోగొట్టుకుంటే, కొడుకు ఒక్క ఉత్తరంతోని బారిస్టరు గౌను పోగొట్టుకున్నడు.

1914 ఏప్రిల్‌ల జర్మనీల చదువుకు చేరిండు. ఆగస్టుల యుద్ధమొచ్చింది. సెప్టెంబర్ నాటికి బెర్లిన్‌ల హిందుస్తానీ దేశాంతరుల కమిటీ కట్టిండ్రు. చంపకరామన్ పిళ్లై, అవినాశ్ భట్టాచార్య, తర్వాత భూపేంద్రనాథ్ దత్తా, హరదయాళ్ అందుల ఉన్నరు. పైసలు జర్మన్ సర్కారువి. దాన్ని దానం కింద కాదు, అప్పు కింద రాసుకోవాలె, దేశం విడిపోయినంక తీరుస్తం అని కమిటీ షరతు పెట్టింది. ఈ ఒక్క సంగతి చదివినప్పుడు మా మనసు నిండింది. మందిగడ్డ మీద మంది పైసలతోని పని చేస్తున్నం, అయినా కూలి మనుషులం కాదు అని చెప్పుకునేటందుకు వాళ్లకు అప్పు అనే ఆ ఒక్క మాటనే మిగిలింది.

అవతలి ఒడ్డున అమెరికాల గదర్ పార్టీ ఉండె. 1913లో ఏర్పడ్డది, ఆ నవంబర్ 1న శాన్‌ఫ్రాన్సిస్కోల పత్రిక మొదటి సంచిక తెచ్చింది. మొదలు అచ్చయింది ఉర్దూల. మన తాతలు కచేరీల చదివిన ఉర్దూ. ఆ పత్రికను నిలబెట్టినోళ్లు ఎక్కువ మంది రంపపు మిల్లులల్ల, పండ్ల తోటలల్ల కూలికి పోయిన పంజాబీలు. మనోళ్లు బొంబాయిల తట్టలు మోసినట్టు వాళ్లు కాలిఫోర్నియాల దుంగలు మోసి, ఆ కూలి పైసలల్ల నుంచి పత్రికకు చందా కట్టిండ్రు. తెలుగోళ్లల్ల కనిగిరి దిక్కు నుంచి వ్యవసాయం చదవ పోయిన దరిశి చెంచయ్య అందుల చేరి, సయాంల పట్టుబడి, యేండ్లకేండ్లు జైళ్లల్ల గడిపిండు. ఆయన ఆత్మకథ నేను–నా దేశం దొరికితే చదువుండ్రి. మన గద్దరన్న పేరు కూడ ఆ పార్టీ నుంచి వచ్చిందే. ఆ పేరు పాడుకుంట ఎన్ని ఊర్లు తిరిగిందో మీకు తెలుసు.

గదర్‌కు అమెరికాల చేయి అందించినోళ్లు ఐర్లాండ్ దేశాంతరులు. టోన్ వారసులనుకోండి. న్యూయార్క్‌ల జాన్ డెవాయ్ పత్రిక హిందుస్తానీ వార్తలు అచ్చేసింది. ఫిలడెల్ఫియాల మెక్‌గారిటీ ఆయుధాల పనిల సాయపడ్డడు. ఫిలడెల్ఫియా మల్ల వచ్చింది చూడుండ్రి, పెయిన్ పుస్తకం అచ్చయిన ఊరు, టోన్ తలదాచుకున్న ఊరు.

ఆ ఆయుధాల కథ మాత్రం నవ్వాలో ఏడ్వాలో తెలువదు. 1915 మార్చిలో శాన్‌డియేగో రేవుల ఆనీ లార్సెన్ అనే తెరచాప ఓడకు తుపాకులెక్కించిండ్రు. మెక్సికో పడమటి సముద్రంల సొకోరో దీవి కాడ మావెరిక్ అనే ఇంకో ఓడ వచ్చి అందుకోవాలె. ఒకటి వచ్చి ఎదురు చూసి పోయింది, రెండోది ఆలస్యంగ వచ్చి ఎదురు చూసింది. ఆ దీవి మీద తాగేటందుకు నీళ్లు కూడ సరిగ్గ దొరకలేదు. ఆనీ లార్సెన్ తిరిగి తిరిగి జూన్‌ల వాషింగ్టన్ రాష్ట్రం హోక్వియం రేవుల అమెరికా అధికారుల చేతికి చిక్కింది. దేశంల లేవవలసిన తిరుగుబాటు ఫిబ్రవరిలోనే బైటపడి ఉరికొయ్యలు ఎక్కింది.

1917 ఏప్రిల్‌ల అమెరికా యుద్ధంల దిగంగనే ఇంటాయన మొఖం మారింది. అంతకుముందు దాక చూసీచూడనట్టున్న సర్కారు నవంబర్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోల కేసు నడిపింది. 1918 ఏప్రిల్‌ల కేసు ఆఖరు దినాన, నిండు కోర్టుల గదర్ నాయకుడు రామ్‌చంద్రను రామ్‌సింగ్ అనే తోటి ముద్దాయి కాల్చి చంపిండు. జర్మన్ పైసలు మింగిండని అనుమానం. కోర్టు అధికారి రామ్‌సింగ్‌ను అక్కడికక్కడనే కాల్చిండు. పరాయి పైస చేతిల పడ్డంక లెక్క అడిగేటోడు, చెప్పేటోడు ఇద్దరు ఒక్క గదిలనే సచ్చిండ్రు. ఇది గదర్ మీద నింద కాదు. కూలోళ్ల చందాలతోని నడిచిన దినాలల్ల పార్టీ ఇంత ఘోరం చూడలేదు, జర్మన్ ఖాతా తెరిచినంకనే చూసింది. మాకట్ల అనిపించింది, మీకు వేరే తీరుగ అనిపిస్తే చెప్పుండ్రి.

జర్మనీ ఓడింది. చట్టో అప్పటికే, 1917లోనే, స్టాక్‌హోంకు మారిండు. 1920లో బెర్లిన్‌ల ఆగ్నెస్ స్మెడ్లీ అనే అమెరికా ఆడబిడ్డ ఆయన్ను కలిసింది. హిందుస్తానీ దేశాంతరులకు సాయం చేసినందుకు 1918లో న్యూయార్క్‌ల జైలు చూసిన మనిషి ఆమె. అదే కాలంల ఆమె సోపతిగాండ్లు న్యూయార్క్‌ల సభ పెడితే ఐర్లాండ్ నాయకుడు డి వాలెరా వచ్చి మాట్లాడిండు. ఆమెకు, చట్టోకు కలిసి నడిచిన దినాలు ఎనిమిదేండ్లు. బాగ నడవలేదు. ఆమె రాసిన డాటర్ ఆఫ్ ఎర్త్ నవలల ఆనంద్ పాత్ర ఈయనే. అందుల ఈయన దేవుడేమి కాదు. కోపం, అనుమానం, ఆడదాని మీద పెత్తనం అన్నీ కనపడుతయి. మన మనిషి కదా అని దాచుకునే అవసరం మాకు కనపడలేదు.

1927 ఫిబ్రవరిలో బ్రస్సెల్స్‌ల సామ్రాజ్యవాదానికి ఎదురుగ పెద్ద సభ జరిగింది. దాన్ని కూర్చినోళ్లల్ల చట్టో ముఖ్యుడు, తర్వాత ఆ లీగుకు కార్యదర్శులల్ల ఒకడయిండు. ఇండోనేషియా నుంచి హట్టా, సెనెగల్ నుంచి లామిన్ సెంఘోర్, క్యూబా నుంచి మెల్లా, పెరూ నుంచి హాయా దె లా తోర్రె, మన దిక్కు నుంచి నెహ్రూ వచ్చిండ్రు. అందుల దేశాంతరులు తక్కువేమి లేరు. బొలీవర్ ఖండం, టోన్ సముద్రం, రేమండ్ నౌకరీ చేసిన ఊరి బిడ్డ, అందరు ఒక్క పైకప్పు కిందికి చేరినట్టు మాకనిపించింది. నెహ్రూ తన ఆత్మకథల చట్టోను ప్రేమతోని తలుసుకున్నడు. చినిగిన బట్టలు, పూట గడవక ఇబ్బంది, అయినా నవ్వు తగ్గని మనిషి అని రాసిండు.

ఇగ ఆఖరు ఇల్లు. 1930లు మొదలయినంక, హిట్లర్ నీడ పడుతుంటె, చట్టో సోవియట్ గడ్డకు చేరిండు. లెనిన్‌గ్రాడ్‌ల మానవ జాతుల చదువుల సంస్థల కొలువు దొరికింది. లిడియా అనే ఆమెను పెండ్లాడిండు. యాభై యేండ్లు దాటినంక దొరికిన స్థిమితం. 1937 జూలైలో స్టాలిన్ పోలీసులు పట్టుకపోయిండ్రు. సెప్టెంబర్ 2న కాల్చేసిండ్రు. ఇంగ్లీషోడు 1915లో స్విట్జర్లాండ్‌ల గూఢచారిని పంపి చంపలేక పోయిన మనిషిని, విప్లవం పేరు చెప్పిన రాజ్యం చంపింది. ఇక్కడ చెల్లెండ్లకు, అక్కకు ఆ చావు వార్త యేండ్లకేండ్లు సరిగ్గ అందలేదు. మేము ఎర్రజెండాను ప్రేమించినోళ్లమే, ఆ జెండా కిందనే పెరిగినం. అయినా ఈ తారీఖు చెప్పకుంట దాటలేం.

మీరడగొచ్చు, బెర్లిన్ ముచ్చట మక్తల్‌కెందుకని. పోయిన తాప ఒక పిల్లగాడు అడిగిండు కూడ. దానికి జవాబు అలంపురం అవతలి ఒడ్డున ఉన్నది.

నిజాం రాజ్యంల సభ పెట్టాలంటే అనుమతి కావాలె. 1929లో వచ్చిన గస్తీ నిశాన్ 53 దాన్ని ఇంకా బిగించింది. అందుకే హైదరాబాదు రాజకీయ సభలు హైదరాబాదుల జరగలేదు. 1923లో కాకినాడల, 1926లో బొంబాయిల, 1928లో పూణెల, 1931లో అకోలాల జరిగినయి. మన గోస చెప్పుకునేటందుకు మంది ఊరికి పోయి పందిరేసుకున్నం. 1938లో ఉస్మానియాల వందేమాతరం పాడినందుకు బయటికి పంపిన పిల్లలను నాగపూర్ విశ్వవిద్యాలయం చేర్చుకున్నది. వంగరకు చెందిన పీవీ నరసింహారావు వాళ్లల్ల ఒకడు. 1947-48లో స్టేట్ కాంగ్రెసోళ్లు రాజ్యం చుట్టు సరిహద్దు క్యాంపులు పెట్టిండ్రు. బెజవాడ, షోలాపూర్, కర్నూలు, చాందా. పీవీ పని చేసింది చాందా క్యాంపుల. ఏ చాందా? 1883లో ఏ ఊరి రైలు లెక్క అడిగి అఘోరనాథ్ దేశం దాటిండో ఆ చాందా. కాజీపేట నుంచి ఆ దిక్కు పట్టాలు బల్లార్షాను కలిపింది 1929లో. అంటే ఆ రైలు కోసమే ఒకాయన దేశాంతరమైతే, ఆ పట్టాల దారిలనే అరవై అయిదేండ్లకు ఇంకో తరం దేశాంతరం పోయింది.

మన పాలమూరోళ్లకు దగ్గరి తొవ్వ కర్నూలు. కృష్ణ దాటి, తుంగభద్ర దాటితే నిజాం పోలీసు చేతికి అందరు. 1800లో నిజాం ఇంగ్లీషోడికి కట్టిన ధర, 1947లో నిజాం మీద లేచినోళ్లకు ఆశ్రయమైంది. చరిత్ర ఇట్ల కూడ లెక్క తీరుస్తదని మేము అనుకోలేదు. ఆ అక్టోబర్ 7న ఆత్మకూరు తాలూకా అప్పంపల్లిల కాల్పులు జరిగినయి, 11 మంది చనిపోయిండ్రు. అటెనక ఈ దిక్కు ఊర్లల్ల ఎందరి ఇండ్లు రాత్రికి రాత్రే ఖాళీ అయినయో ఊహించుకోండి.

ఈ దగ్గరి దేశాంతరులకు చట్టోకు లేని అదృష్టం ఒకటున్నది. అవతలి ఒడ్డున అదే తెలుగు, అదే జొన్న రొట్టె. ఇంటాయన కూడ చుట్టపోడే. 1948 సెప్టెంబర్ తర్వాత తిరిగి వచ్చిండ్రు. అయితే చుట్టపోడు కూడ ధర అడుగుతడని 1956 తర్వాత మనకు తెలిసొచ్చింది, ఆ కథ మీకు మేము చెప్పవలసిన పని లేదు.

చట్టోకు ఉండి వీళ్లకు లేనిది కూడ ఒకటున్నది. కాయిదం. చట్టో ఏ తారీఖున ఏ ఊర్ల ఉన్నడో, ఎవరింట్ల బువ్వ తిన్నడో ఇయ్యాల చెప్పగలుగుతున్నమంటే, ఇంగ్లీషు గూఢచారులు రాసిపెట్టిండ్రు కాబట్టి. జర్మన్ విదేశాంగ దఫ్తరు దాచింది, శాన్‌ఫ్రాన్సిస్కో కోర్టు దాచింది, మాస్కో దాచింది. మన మనిషి బతుకు మనకు శత్రువు సందూకలనే దొరికింది. కర్నూలు క్యాంపుకు పోయిన మక్తల్, ఆత్మకూరు, నారాయణపేట మనుషుల వెంట అంతమంది గూఢచారులు తిరగలేదు. వాళ్ల సంగతి వాళ్ల ఇండ్లల్లనే ఉండాలె. ఇనుప పెట్టెల అడుగున, మిద్దె దూలాల సందుల, ఉర్దూల రాసిన చిట్టీలు, క్యాంపు రసీదులు, జైలు నుంచి వచ్చిన కార్డులు. ఉర్దూ చదివేటోళ్లు ఇంట్ల లేక చాలా ఇండ్లల్ల వాటిని చిత్తు కాయిదాలోళ్లకు కిలోల లెక్కన వేస్తున్నరు. మా కండ్లతోని చూసినం.

పిల్లల్లారా, అమెరికా వీసాల కోసం ఫైళ్లు కట్టుకుంటున్నోళ్లు మీల చాలా మంది ఉన్నరు. పోండి, మంచిగ చదువుకోండి. పోయే ముందు ఒక్కసారి ఇంట్ల పాత పెట్టె తెరువుండ్రి. వచ్చే ఆదివారం పొద్దున పదికి ఇక్కడనే కూచుంటం. ఉర్దూ చదివే పెద్దమనిషి ఒకాయన వస్తనన్నడు, కండ్లద్దాలు కూడ కొత్తయి తెచ్చుకుంటడట. ఏ కాయిదమైనా పట్టుకరండి, చదివించుకొని, ఫోటో తీసుకొని, మీ కాయిదం మీకు ఆ పూటనే తిరిగిస్తం.